పాత మెకానిక్ షెడ్డులో దొరికిన వింత పనిముట్టు దేనిదో గుర్తుపట్టడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. తాతో, మేనమామో నడిపిన షెడ్డు మూతపడి ఉంటుంది. మూలనున్న రేకు పెట్టె తెరిస్తే పానాల మధ్య ఏవో వంకర కొక్కేలు, స్ప్రింగులు, మరలున్న గొట్టాలు కనబడతాయి. లేదంటే పాత ఇనుము అంగడిలో కిలో లెక్కన తెచ్చిన గుట్టలో ఏదో విచిత్రమైన సామాను తగులుతుంది. ఫొటో తీసి పంపి "అన్నా, ఇదేంటి?" అని అడుగుతారు.

ఒక్క ఫొటో చూసి పేరు చెప్పడం చాలాసార్లు కుదరదు. ముందు పేరు కోసం వెతకొద్దు. అది దేన్ని పట్టుకుంటుంది, ఎటు కదులుతుంది, ఎక్కడ అరిగింది? ఈ మూడూ తేలితే దాని పని తెలిసిపోతుంది. పని తెలిశాక పేరు చెప్పగలిగే పాత మేస్త్రి ప్రతి ఊళ్లోనూ ఒకరైనా ఉంటారు.

కావాల్సినవి

- మిల్లీమీటర్లు, అంగుళాలు రెండూ చూపే వెర్నియర్ కాలిపర్. చవక డిజిటల్‌ది చాలు.
- మరల గేజి, అంటే మరల పళ్లకు ఆనించి చూసే రేకుల సెట్టు. 55 డిగ్రీలది ఒకటి, 60 డిగ్రీలది ఒకటి. లేకపోతే లేత్ షెడ్డులో అడిగి ఒక్క గంటకు తెచ్చుకోండి.
- కొంచెం డీజిల్, పాత టూత్ బ్రష్, నూలు గుడ్డ.
- సుద్దముక్క, పల్చటి తెల్ల కాగితం, పెన్సిల్.
- భూతద్దం, టార్చి.
- గుప్పెడు చపాతీ పిండి. ఎందుకో ఆరో మెట్టులో చెప్తాను.
- కంటికి రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు. ఇవి లేకుండా స్ప్రింగు ఉన్న దేన్నీ ముట్టొద్దు.

1. పెట్టెను గుమ్మరించొద్దు

ఏది దేని పక్కన ఉందో ముందు ఫొటోలు తీయండి. పాత పనిముట్లలో చాలావాటికి విడి ముక్కలు ఉంటాయి: మధ్య బోల్టు, రెండు కాళ్లు, నాలుగైదు సైజుల మూతలు. ఒకే గుడ్డలో చుట్టి ఉన్నవి, ఒకే తీగకు గుచ్చి ఉన్నవి ఒకే సెట్టు అనుకోండి. విడదీసి, కడిగి, వరసగా పేర్చాక ఆ బంధం మళ్లీ దొరకదు.

ఆ షెడ్డులో ఏ బండ్లు బాగుచేసేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. పాత బిల్లు పుస్తకాలు, బోర్డు ఫొటో ఉంటే చూడండి. బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు చేసిన షెడ్డుకూ, హైవే పక్కన లారీలు చేసిన షెడ్డుకూ పనిముట్లు పూర్తిగా వేరు. సగం ఆధారం ఇక్కడే దొరుకుతుంది.

2. ప్రమాదమున్నవి పక్కన పెట్టండి

- గాజు గొట్టంలో వెండిలా మెరిసే ద్రవం ఉంటే అది పాదరసం. కదిలించకుండా నిలబెట్టి ఉంచండి. పగిలితే చీపురుతో ఊడ్వొద్దు, చేత్తో తాకొద్దు.
- బ్రేక్ లైనింగులకు రివెట్లు కొట్టే ప్రెస్సు, లైనింగు అరగదీసే యంత్రం మీద దుమ్ము ఉంటే ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.
- సుత్తి దెబ్బలకు తల పుట్టగొడుగులా విచ్చుకున్న ఉలులు, పంచ్‌లు ఉంటాయి. వాటి మీద మళ్లీ దెబ్బ వేస్తే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.
- కరెంటు తీగ ఉన్న ఏ పాత సామానునైనా "చూద్దాం" అని ప్లగ్గులో పెట్టొద్దు. ముందు ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ పరీక్ష (కరెంటు బాడీకి లీకవుతుందేమో చూసేది) చేయించండి.
- పాత జాకీలను గుర్తుపట్టండి, అంతవరకే. బండి ఎత్తడానికి వాడొద్దు.

3. అక్షరాలు పోకుండా శుభ్రం చేయండి

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. గ్రైండరుకు వైరు చక్రం తగిలించి మెరిసేదాకా రుద్దుతారు. దాంతో పాటు కంపెనీ ముద్ర, సైజు, అరిగిన గుర్తులు అన్నీ పోతాయి. గరుకు కాగితం కూడా అంతే.

ఒక రాత్రి డీజిల్‌లో నానబెట్టి టూత్ బ్రష్‌తో రుద్దండి. చెక్క పిడి, రబ్బరు, తోలు ఉన్నవి మాత్రం ముంచొద్దు, గుడ్డతో తుడవండి. మొండి తుప్పుకు నిమ్మ ఉప్పు నీళ్లు పనిచేస్తాయి కానీ స్ప్రింగులను, ఫీలర్ గేజి (సన్నటి సందులు కొలిచేది) రేకులను అందులో వేయకండి. పుల్లటి నీళ్లలో నానితే గట్టి ఉక్కు పెళుసవుతుంది, రేకుల మందమూ తగ్గిపోతుంది.

మన సీమ ఎండకు ఇనుము బాగానే నిలుస్తుంది. పోయేవి తోలు, రబ్బరు, చెదలు తిన్న చెక్క. గ్రీజు గన్నులో తోలు వాషరు ఎండి రాలిపోతుంది, వాల్వు రుద్దే కర్రకు చివరనుండే రబ్బరు గిన్నె పొడి అవుతుంది. అందుకని పనిముట్టు అసంపూర్ణంగా కనబడితే, అక్కడ ఒకప్పుడు మెత్తటి భాగం ఏదైనా ఉండేదా అని ఆలోచించండి.

4. ముద్రలు చదవండి

మసకగా ఉన్న అక్షరాల మీద సుద్ద రుద్ది, పైపైన గుడ్డతో తుడవండి. గాళ్లలో తెల్లగా నిలుస్తుంది. అప్పటికీ కనబడకపోతే పల్చటి కాగితం పరచి పెన్సిల్‌తో అడ్డంగా గీయండి. టార్చి వెలుగు పక్కనుంచి పడాలి, పైనుంచి కాదు.

చుక్కలు చుక్కలుగా పంచ్ చేసిన అక్షరాలు కంపెనీవి కావు. అవి యజమాని గుర్తులు. పనిముట్టు అరువిస్తే తిరిగి రావాలని మేస్త్రీలే కొట్టుకునేవారు. వాటిని కంపెనీ పేరనుకుని వెతికి చాలామంది తలనొప్పి తెచ్చుకుంటారు.

పశ్చిమ జర్మనీలో తయారైంది అని ఉంటే అది 1949కీ 1990కీ మధ్యది. చిన్న బాణం గుర్తు ఉంటే బ్రిటిష్ సైనిక సామాను కావచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇలాంటివి బయటి మార్కెట్లోకి చాలా వచ్చాయి. "18జి" అని మొదలై తర్వాత అంకె ఉంటే సంతోషించండి: అది మోరిస్ కార్లు చేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల సర్వీస్ టూల్ నంబరు. మన అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాబట్టి, పాత 1489 సీసీ ఇంజనుకు పనికొచ్చేవి ఇందులో ఉంటాయి. ఆ నంబరుతో వెతికితే పేరు నేరుగా దొరుకుతుంది. "డ్రాప్ ఫోర్జ్‌డ్", "క్రోమ్ వెనేడియం" లాంటివి తయారీ పద్ధతినో, ఉక్కు రకాన్నో చెప్తాయి. కంపెనీని చెప్పవు.

5. కొలవండి

పానా నోరు కొలిచేటప్పుడు అరగని లోపలి భాగంలో కొలవండి, అంచుల దగ్గర కాదు. నోరు నట్టు కంటే కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి కింది అంకెల కంటే చుక్క ఎక్కువే వస్తుంది.

విట్‌వర్త్ (పాత బ్రిటిష్ బోల్టుల పద్ధతి) సైజులు:
- 3/16 అంటే 11.3 మి.మీ.
- 1/4 అంటే 13.3 మి.మీ.
- 5/16 అంటే 15.2 మి.మీ.
- 3/8 అంటే 18 మి.మీ.
- 7/16 అంటే 20.8 మి.మీ.
- 1/2 అంటే 23.4 మి.మీ.

"పానా మీద 1/4 అని ఉంది, నోరు చూస్తే అర అంగుళం దాటింది, తప్పు ముద్రా?" అని అడుగుతుంటారు. తప్పు కాదు. విట్‌వర్త్ పద్ధతిలో అంకె బోల్టు కాడ మందాన్ని చెప్తుంది, నట్టు వెడల్పును కాదు. ఒకే నోటి మీద 1/4 డబ్ల్యు, 5/16 బి.ఎస్. అని రెండూ ఉన్నా కంగారు పడొద్దు. సన్న మరల బి.ఎస్.ఎఫ్. (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) బోల్టుకు తల ఒక సైజు చిన్నది, అందుకే రెండు పేర్లు.

ఎ.ఎఫ్. (అక్రాస్ ఫ్లాట్స్) సైజులు నట్టు వెడల్పునే అంగుళాల్లో చెప్తాయి: 7/16 అంటే 11.1, 1/2 అంటే 12.7, 9/16 అంటే 14.3, 5/8 అంటే 15.9, 3/4 అంటే 19 మి.మీ.

ఇక ఏ బండికి ఏది? పాత బుల్లెట్లకు విట్‌వర్త్, బి.ఎస్.ఎఫ్. కుటుంబం. విల్లీస్ జీపుకు, అంబాసిడర్ 1489 ఇంజనుకు ఎ.ఎఫ్. ఫియట్, జావా, యెజ్డి, టాటా మెర్సిడెస్ లారీలకు మిల్లీమీటర్లు. కొన్ని సైజులు రెండు కుటుంబాల్లోనూ కలుస్తాయి. విట్‌వర్త్ 3/8, మన 18 దాదాపు ఒకటే. ఎ.ఎఫ్. 3/4, మన 19 కూడా అంతే. ఆ రెండు సైజులు చూసి బండిని తేల్చకండి.

పుల్లర్ల (బిగుసుకున్న చక్రాలను లాగి ఊడదీసేవి) విషయంలో నట్టు తల కొలవడం దండగ. మరలు కొలవండి. విట్‌వర్త్ మరల కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మరలు, అమెరికన్ మరలు 60 డిగ్రీలు. గేజి పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టండి. సందు కనబడితే ఆ గేజి కాదు.

6. పనిచేసే కొన చూడండి

పిడి ఎలా ఉన్నా పట్టించుకోవద్దు. పిడి ఎవరైనా మార్చి ఉంటారు. కొనను చపాతీ పిండిలో గట్టిగా నొక్కి తీయండి. పిండిలో పడిన అచ్చు, ఆ పనిముట్టు పట్టుకునే భాగం ఆకారాన్ని చూపిస్తుంది. రెండు పళ్ల కొన నొక్కితే రెండు గుంతలు పడతాయి. అంటే రెండు రంధ్రాలో, రెండు గాళ్లో ఉన్న నట్టు కోసం వెతకాలి. ఇది చాలా తేలిక పరీక్ష, అయినా ఎవరూ చేయరు.

తర్వాత మెరుపు ఎక్కడుందో చూడండి. లోపల మెరిస్తే అది లోపలి నుంచి పట్టేది. ఒకే వైపు మెరిస్తే ఒకే దిశలో తిరిగేది. ఎక్కడా మెరుపు లేకపోతే అది ఎన్నడూ వాడనిది కావచ్చు, లేదా ఎవరో సొంతంగా చేయించుకుని పనికిరాక పక్కన పడేసింది కావచ్చు.

నన్ను ఎక్కువగా అడిగేవి ఇవీ:

ఇంగ్లీషు సి అక్షరం ఆకారంలో పెద్ద క్లాంపు, ఒక కొనకు కిటికీలా తెరిచిన గిన్నె. ఇది వాల్వు స్ప్రింగు నొక్కేది, హెడ్డు విప్పిన ఇంజనుకు వాడతారు. దీన్ని వడ్రంగి క్లాంపు అనుకుని అమ్మేసినవాళ్లు చాలామంది. కిటికీ ఎందుకంటే, స్ప్రింగును పట్టి ఉంచే లోపలి చిన్న చీలలను, అంటే కాటర్లను, అక్కడి నుంచి తీయాలి. ఇంకో రకం ఉంది: రెండు ఫోర్కులు, మధ్యలో మర లేదా లీవరు, ఒకటి పైకి లేస్తుంది. ఇది వాల్వులు సిలిండరు పక్కన ఉండే సైడ్ వాల్వు ఇంజన్లది, స్ప్రింగును కింద నుంచి ఎత్తుతుంది. మొదటి తరం జీపులవి పూర్తిగా సైడ్ వాల్వు ఇంజన్లే. తర్వాత వచ్చిన ఎఫ్ హెడ్ ఇంజన్లలో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులోకి వెళ్లినా, ఎగ్జాస్ట్ వాల్వులు మాత్రం పక్కనే ఉండిపోయాయి. జీపులు చేసిన షెడ్డులో ఈ రెండోది దొరికితే ఆశ్చర్యం లేదు.

మూడు అంచులు, మధ్యలో గాడి, కొన వంగిన కత్తి. ఇది వైట్ మెటల్ (మెత్తటి తెల్ల లోహం) బేరింగులు గీకేది. రెడీమేడ్ బేరింగు షెల్లులు రాకముందు బేరింగులో వైట్ మెటల్ పోసి, క్రాంకుకు నీలం రంగు పూసి, అంటిన చోటల్లా దీంతో గీకి సరిచేసేవారు. అలా గీకగలిగిన చెయ్యికి షెడ్డులో ఉండే గౌరవం వేరు. అంచు ఇప్పటికీ చురుగ్గా ఉంటుంది, జాగ్రత్త.

పటకారులా ఉండి, నొక్కితే కొనలు విచ్చుకునేది: పిస్టన్ రింగు విప్పేది. నడుముకు కట్టే బెల్టులా వెడల్పు రేకు, పక్కన తాళంచెవి: పిస్టన్ రింగులు నొక్కి సిలిండరులోకి దించేది. గుండ్రటి చట్రం మీద వేర్వేరు మందాల పళ్లున్న చిన్న చక్రం: రింగు గాడిలో కార్బను గీకేది. ఈ మూడూ కలిసి దొరికితే అక్కడ ఇంజను పని జరిగినట్టే.

పొడవైన కడ్డీ, చుట్టూ గాళ్లలో జారే బ్లేడ్లు, రెండు వైపులా నట్లు. అడ్జస్టబుల్ రీమర్. లారీల కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్ను) బుష్‌లు సైజు చేయడానికి వాడేవారు. ఒక వైపు నట్టు వదులు చేసి ఇంకో వైపుది బిగిస్తే బ్లేడ్లు వాలు మీద జరిగి వ్యాసం మారుతుంది.

చిన్న చెక్క పిడి, దానికి రెండు ముల్లులు, మధ్యలో మీటరు, ముల్లుల మధ్య మందపాటి రేకు. ఇది బ్యాటరీ సెల్లు పరీక్షించేది. పాత బ్యాటరీల్లో సెల్లుల మధ్య సీసపు పట్టీలు పైకే కనబడేవి, ఒక్కో సెల్లు 2 వోల్టులే. దీన్ని నేటి 12 వోల్టుల బ్యాటరీ రెండు కొనలకూ తగిలించొద్దు. కాలిపోతుంది, నిప్పురవ్వలూ వస్తాయి.

ఇంగ్లీషు వి ఆకారంలో ఇనుప రేకుల దిమ్మ, కింద కరెంటు చుట్ట. గ్రౌలర్. డైనమో, సెల్ఫ్ మోటారు ఆర్మేచరును (లోపల తిరిగే చుట్టల భాగాన్ని) దాని మీద పెట్టి, పైన హాక్సా బ్లేడు ఆనిస్తే షార్టయిన చుట్ట దగ్గర బ్లేడు దడదడలాడుతుంది. ఇది నాకు చాలా ఇష్టమైన సామాను, కానీ రెండో మెట్టులో చెప్పిన హెచ్చరిక దీనికే ఎక్కువ వర్తిస్తుంది.

వేలంత పానా, పక్కన రివెట్ చేసిన చిన్న రేకు. పాయింట్ల (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే స్విచ్చు కొనల) పానా. ఆ రేకు మందమే పాయింట్ల మధ్య ఉంచాల్సిన సందు. లూకాస్ మాగ్నెటోకు 12 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), లూకాస్ డిస్ట్రిబ్యూటరుకు 14 నుంచి 16 థౌ. మైక్రోమీటరుతో రేకు కొలిస్తే ఏ జాతిదో తేలిపోతుంది.

బయట మరలున్న బొడిపె, మధ్యలో బోల్టు: మోటారుసైకిలు లేదా స్కూటరు ఫ్లైవీలు, క్లచ్ పుల్లర్. చిన్న గిన్నె ఉన్న మర ప్రెస్సు: ట్యూబు పంక్చరుకు వేడి ప్యాచీ వేసేది, గిన్నెలో స్పిరిట్టో పెట్రోలో పోసి వెలిగించేవారు. రెండు పళ్ల వాలు ఫోర్కు: స్టీరింగు బాల్ జాయింటు విడదీసేది. అర్ధచంద్రాకారపు రింగు పానా: సెల్ఫ్ మోటారు, మానిఫోల్డు నట్ల లాంటి ఇరుకు చోట్లకు.

7. అసలు బండి పనిముట్టేనా?

మన జిల్లాల్లో ఈ ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి, ఎందుకంటే షెడ్డు మేస్త్రి బండ్లు మాత్రమే చేసేవాడు కాదు. బావుల మీది ఆయిలింజన్లు, వేరుశనగ మిషన్లు అన్నీ ఆయన దగ్గరకే వచ్చేవి.

ఇనుప మేకు, దానికి రెండు పక్కలా అర్ధచంద్రపు రెక్కలు ఉంటే అది బేరింగు విప్పేది కాదు. తాడిపత్రి, బేతంచెర్ల, కడప గనుల్లో రాయి చీల్చేది. సన్నటి చదును రేకు, కొనన చిన్న కొక్కెం ఉంటే ఫీలర్ గేజి కాకపోవచ్చు. ధర్మవరం, ప్రొద్దుటూరు పక్క ఇంట్లోనైతే మగ్గంలో పోగు లాగేదేమో అడగండి.

పెద్ద సైజు పానాల మీద రైల్వే అక్షరాలు కనబడితే ఆగండి. గుంతకల్లు, గుత్తి చుట్టుపక్కల ఇది మామూలే. ఎం. అండ్ ఎస్.ఎం. అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది. అంటే అంతకు ముందుది. ముచ్చటగానే ఉంటుంది కానీ, రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టం ఒకటి ఉంది. వేలంలో కొన్న కాగితం చూపించకపోతే అంగడిలో అలాంటివి కొనకండి.

8. ఆనించి చూడండి

ఇది ఫలానాది అనుకున్నాక, పాత స్పేర్ పార్టు మీద బలం వేయకుండా ఆనించి చూడండి. కర్నూలు, అనంతపురం లాంటి ఊళ్లలో పాత బండ్లు విప్పే అంగళ్లు ఉంటాయి. కాలిపర్ తీసుకెళ్తే అక్కడే తేలుతుంది. సరిగ్గా కూర్చోవాలి. "కొంచెం తోస్తే పడుతుంది" అంటే అది కాదు. పని చేస్తున్న బండి మీద మొదటి పరీక్ష ఎప్పుడూ చేయొద్దు.

సరిచూసుకోవడం

మూడు సాక్ష్యాలు కలవాలి: కొలత, అరుగుదల, ఆ షెడ్డులో చేసిన బండ్లు. మూడూ ఒకే మాట చెప్తే పేరు రాసి తగిలించండి. రెండే కలిస్తే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఒక్కటే అయితే పేరు రాయకుండా కొలతలు మాత్రం రాయండి.

అందరూ చేసే పొరపాట్లలో పెద్దది, ఇంటర్నెట్లో ఒకేలా కనబడిన ఫొటో చూసి తేల్చేయడం. వాల్వు స్ప్రింగు క్లాంపులు వంద రకాలు, ఫొటోలో అన్నీ ఒకటే. రెండోది, విరిగిందనుకుని వెల్డింగు చేయించడం. కొన్ని పానాలను ఇరుకు చోటు కోసం మేస్త్రీలే కోసి, కాల్చి వంచుకున్నారు. కోసిన చోట అంచు నున్నగా ఆకురాయి పట్టి ఉంటే అది విరగలేదు, కావాలని కోసింది. మూడోది, పాతది కాబట్టి విలువైనదని అనుకోవడం. మామూలు రెండు నోళ్ల పానాలు ఎంత పాతవైనా ఇనుము ధరకు కాస్త పైన. పూర్తి సెట్టు, సర్వీస్ టూల్ నంబరు ఉన్నవి, పెట్టెతో సహా ఉన్నవి వేరే లెక్క.

ఇంత చేసినా తేలకపోతే అడగండి. అయితే ఒక్క ఫొటో పంపొద్దు. పక్కన స్కేలు పెట్టి మూడు వైపులా తీసినవి, పనిచేసే కొన దగ్గర నుంచి తీసింది, సుద్ద రుద్దిన ముద్ర, చపాతీ పిండి అచ్చు, నోటి కొలత, మరల కోణం, ఆ షెడ్డులో ఏ బండ్లు చేసేవారు, పెట్టెలో దాని పక్కన ఏముంది. కదిలే భాగం ఉంటే పది సెకన్ల వీడియో కూడా పెట్టండి.